కొత్త ఊర్ల మెట్రోను ఎట్ల అంచనా వేసుకోవాలె: ఢిల్లీ నుంచి లండన్ దాక

మా హన్మకొండల ఇప్పుడు ఏ గల్లీకి పోయినా ఒక పిల్లనో పిలగాడో లండన్ల చదువుతున్నరు, న్యూయార్క్ దిక్కు ఉద్యోగం చేస్తున్నరు, లేకపోతే సివిల్స్ కోచింగ్ అని ఢిల్లీల ఉన్నరు. పోయే ముంగట అందరూ అడిగేది ఒక్కటే, అన్నా అక్కడ మెట్రో మంచిగుంటదట కదా, రూమ్ యాడ తీసుకున్నా నడుస్తదా అని. నడవది. ఊరి మెట్రో ఎంత గొప్పదైనా నీ రూమ్ కాడికెళ్లి నీ కాలేజీ దాక అది ఎట్లున్నదో చూసుకోవాలె. నేను ఢిల్లీ, కలకత్తా, చెన్నై మెట్రోలు మస్తుసార్లు ఎక్కిన, మా అక్క బిడ్డ లండన్ల చదివేటప్పుడు పోయి మూడు వారాలు ఉండి రోజూ ట్యూబ్ ల, అంటే అక్కడి మెట్రోల తిరిగిన, మిగిలిన ఊర్ల సంగతి అక్కడున్న మనోళ్లను అడిగి, మ్యాపులు ముంగటేసుకొని కూసొని నేర్చుకున్న. ఒక ఊరి అండర్‌గ్రౌండ్ రైలును ఇంకో ఊరి దానితోటి ఎట్ల పోల్చాలె, అందులకెళ్లి మన పనికొచ్చేది ఎట్ల తీసుకోవాలె అన్నది రాస్తున్న, జర ఓపికతోటి చదవండి.

ముందుగాల కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టండి. షాంఘై, బీజింగ్ మెట్రోలు ఒక్కొక్కటి 800 కిలోమీటర్లు దాటినయ్, లండన్ ది 402 కిలోమీటర్లు, 272 స్టేషన్లు, న్యూయార్క్ ది దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు, 472 స్టేషన్లు, పారిస్ ది 250 కూడా లేదు. గట్లని పారిస్ మెట్రో తక్కువదా అంటే ఎంతమాత్రం కాదు. పారిస్ అసలు ఊరే 105 చదరపు కిలోమీటర్లు, వాళ్లకున్న 300 పైన స్టేషన్లల్ల శానా మటుకు ఆ లోపలనే ఉన్నయ్, సగటున అర కిలోమీటరుకొక స్టేషన్, అంటే వేయిస్తంభాల గుడి కాడ ఒకటి, చౌరస్తా కాడ ఇంకోటి ఉన్నట్టు. ఏ బిల్డింగుల ఉన్నా నాలుగు అడుగులేస్తే మెట్రో దొరుకుతది. కానీ రైలు మాటిమాటికి ఆగుతది కాబట్టి స్పీడు అందుకోదు. ఢిల్లీ దానికి ఉల్టా, స్టేషన్ల నడుమ కిలోమీటరు పైన ఉంటది, రైలు మంచిగ ఉరుకుతది, స్టేషన్ బయటికి వచ్చినంక మాత్రం మళ్ల ఈ-రిక్షా ఎక్కాలె. ఈ రెండిట్ల ఏది మంచిది అంటే మీరు రోజూ పోయే దూరం బట్టి. నాలుగైదు కిలోమీటర్లు తిరిగేటోళ్లకు పారిస్ పద్ధతి హాయి, ఇరవై ముప్పై కిలోమీటర్లు పోయేటోళ్లకు ఢిల్లీ పద్ధతి.

అండర్‌గ్రౌండ్ అనే పేరు చూసి కూడా మోసపోవద్దు. లండన్ అండర్‌గ్రౌండ్ అంటరు గానీ అందుల సగానికి ఎక్కువ భూమి మీదనే నడుస్తది. ఢిల్లీల కూడా సొరంగంల ఉన్న దానికంటె పిల్లర్ల మీద ఉన్నదే ఎక్కువ. మన హైదరాబాద్ మెట్రో 69 కిలోమీటర్లు మొత్తం పిల్లర్ల మీదనే. అదే ముంబైల కొత్తగ వచ్చిన 3వ లైను, ఆరే నుంచి కఫ్ పరేడ్ దాక 33.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లల్ల 26 భూమి లోపలనే. సొరంగం తవ్వుడు పిల్లర్లేసుడు కంటె రెండు మూడింతలు ఖర్చు, అందుకే జాగ లేని పాత ఊరి నడుమ సొరంగం, ఊరి చివరికి రాంగనే పైకి వచ్చుడు, చాన ఊర్లల్ల ఇదే తీరు.

ఇగ అసలు పద్ధతి. ఒక కాయితం తీసుకోండి. ఇంటి తలుపు కాడికెళ్లి పోవాల్సిన కాడి తలుపు దాక పట్టే టైమును ముక్కలు ముక్కలు చేసి రాయాలె. ఇంటికెళ్లి స్టేషన్ దాక నడిచేది ఎంత, స్టేషన్ గేటు కాడికెళ్లి ప్లాట్‌ఫామ్ మీదికి చేరేది ఎంత, రైలు కోసం నిలబడేది ఎంత, రైల్ల కూసునేది ఎంత, లైను మారేది ఎంత, దిగినంక బయటికొచ్చి నడిచేది ఎంత. అందరూ రైల్ల కూసునేదొక్కటే చూస్తరు, ఫోన్ల దారి చూపే ఆప్ కూడా చాన సార్లు అదే పెద్దగ చూపెడతది, మిగిలిన ఐదు కలిపితే అంతకంటె ఎక్కువైతయ్.

ముందు మనకు తెలిసిన దారి మీద ఒకసారి చేసి చూడండి. హన్మకొండల బస్సెక్కి ఉప్పల్ ల దిగుతం, ఉప్పల్ ల మెట్రో ఎక్కితే రాయదుర్గం దాక ఒక్కటే లైను, హైటెక్ సిటీల పనుంటే దిగుడు మారుడు లేదు. అదే మియాపూర్ పోవాలంటే అమీర్‌పేటల మారాలె. మ్యాప్ ల చూస్తే అది ఒక చుక్క, కానీ అక్కడ ఒక లైను పైన, ఇంకోటి కింద, సాయంత్రం ఆరింటికి ఆ మెట్ల మీద జనం ఎట్లుంటరో పోయినోళ్లకు ఎరుకే. ఆ చుక్కకు మీ కాయితంల ఎనిమిది పది నిమిషాలు రాయాలె. ఈ లెక్క ఒకసారి చేతికి అలవాటైతే ఏ ఊరికైనా అదే లెక్క.

నిలబడే టైము సంగతి. రైలు ఎన్ని నిమిషాలకొకటి వస్తదో చూసి అందుల సగం రాసుకోండి, సగటున అంతే పడతది. లండన్ విక్టోరియా లైన్ల రద్దీ టైముల గంటకు 36 రైళ్లు, అంటే 100 సెకన్లకొకటి. మాస్కోల 90 సెకన్లకొకటి వస్తది రద్దీల, ఒకప్పుడు అక్కడ ప్లాట్‌ఫామ్ చివర పెట్టిన గడియారం ముందటి రైలు పోయి ఎంత సేపైందో చూపెట్టేది. న్యూయార్క్ ల అర్ధరాత్రి తర్వాత 20 నిమిషాలకొకటి. ఒక్క రైలైతే ఫరక్ తెల్వది గానీ రెండుసార్లు మారాల్సొస్తే 20 నిమిషాల ఊర్ల ఎంత నష్టమో మీరే వేసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది, శానా మంది దీన్ని పట్టించుకోరు. లైను రెండు కొమ్మలుగ చీలుతదా అన్నది చూడాలె. ఢిల్లీ బ్లూ లైను యమునా బ్యాంక్ కాడ చీలి ఒకటి నోయిడా దిక్కు, ఒకటి వైశాలి దిక్కు పోతది. సీఏ కోచింగ్ అని లక్ష్మీనగర్ ల రూమ్ తీసుకునేటోళ్లు మనోళ్లల్ల కూడా ఉన్నరు, లక్ష్మీనగర్ వైశాలి కొమ్మ మీదున్నది, రాజీవ్ చౌక్ ల నిలబడ్డప్పుడు వచ్చిన ప్రతి రైలూ మీది కాదు, నోయిడా రైలెక్కితే యమునా బ్యాంక్ ల దిగి మళ్ల నిలబడాలె. లండన్ నార్తర్న్ లైను కూడా గట్లనే, నల్ల గీత ఒక్కటే గానీ ఊరి నడుమల బ్యాంక్ అనే స్టేషన్ మీదికెళ్లి ఒక దారి, చేరింగ్ క్రాస్ అనే స్టేషన్ మీదికెళ్లి ఒక దారి. మొదటి రోజు నేను బోర్డు చూడకుండ వచ్చిన రైలెక్కి ఇంకో దారి పట్టిన, మా అక్క బిడ్డ నేను దిగాల్సిన కాడ నా కోసం గంట సేపు నిలబడ్డది, పాపం. అందుకే కొమ్మ మీదున్న స్టేషన్ అయితే ఆప్ చెప్పిన టైముకు ఇంకొంచెం కలుపుకోండి, రైలు ముంగట రాసున్న చివరి స్టేషన్ పేరు చూడందే ఎక్కకండి.

దిక్కులు చెప్పే తీరు ఊరికొక తీరు. ఢిల్లీల, పారిస్ ల చివరి స్టేషన్ పేరు చెప్తరు, లండన్ల నార్త్‌బౌండ్ వెస్ట్‌బౌండ్ అని దిక్కు చెప్తరు. టోక్యోల ప్రతి స్టేషన్‌కు అక్షరమూ నంబరూ ఉంటయ్ కాబట్టి నంబరు పెరుగుతున్నదా తగ్గుతున్నదా చూసుకుంటే చాలు, భాష రాకున్నా తప్పిపోరు, నాకు అన్నిటికంటె తెలివైన పద్ధతి ఇదే అనిపిస్తది. మాస్కోల అయితే ఊరి నడుమకు పోయే రైల్ల మగ గొంతు, బయటికి పోయే రైల్ల ఆడ గొంతు అనౌన్స్ చేస్తది. న్యూయార్క్ ల అప్‌టౌన్, డౌన్‌టౌన్ అని రెండు దిక్కులకు కొన్ని స్టేషన్లల్ల రోడ్డుకు ఆ పక్కొకటి ఈ పక్కొకటి వేరే వేరే మెట్లుంటయ్, తప్పు దాంట్ల దిగి పైసలు కట్టి లోపలికి పోయినంక ఆవలి దిక్కు పోనీకి దారుండదు, మళ్ల బయటికొచ్చి మళ్ల కట్టాలె. మెట్లు దిగకముందే పైనున్న బోర్డు చదవాలె. న్యూయార్క్ ల ఇంకోటి, అదే పట్టాల దారిల అన్ని స్టేషన్లల్ల ఆగే లోకల్, ఆగకుండ పోయే ఎక్స్‌ప్రెస్ రెండూ ఉంటయ్. 'A' అని పేరున్న రైలు 59వ వీధిల ఎక్స్‌ప్రెస్ గ బయలెల్లితే 125వ వీధి దాక ఆగదు. మన కాజీపేటల తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు ప్యాసింజర్‌కు తేడా తెలిసినోళ్లకు ఇది ఇట్టే అర్థమైతది, సొరంగంల అట్లాంటిది ఉంటదని ముందే తెల్వాలె అంతే.

లోతు గురించి జర ఎక్కువ చెప్తా, ఎందుకంటే భూమి లోపలి రైలుకు పిల్లర్ల మీది రైలుకు అసలు ఫరక్ ఇక్కడనే. మా మామ గోదావరిఖనిల బొగ్గు బాయి దిగి పనిచేసినోడు, సింగరేణిల రిటైర్ అయినంక ఆయనను ఢిల్లీ తీసుకపోయిన. రాజీవ్ చౌక్ ల దిగంగనే అందరూ షాపులు చూస్తుంటే ఆయన పైకి చూసి, గాలి యాడికెళ్లి తోలుతున్నరు అని అడిగిండు. బాయిల ఫ్యాన్ హౌస్ ఆగితే ఏమైతదో ఎరుకైనోడు కదా. సొరంగంల రైలే పిస్టన్ లెక్క గాలిని ముంగటికి నూకుతది, రైలు రాకముందే ముఖానికి గాలి కొట్టేది అందుకే, దానికి తోడు పెద్ద ఫ్యాన్లతోటి బయటి గాలి లోపలికి, లోపలి వేడి బయటికి. ఈ ప్రశ్న మామ అడిగినంకనే నేను లండన్ సంగతి చూసిన. 1863 జనవరిల పాడింగ్టన్ నుంచి ఫారింగ్‌డన్ దాక ప్రపంచంల మొట్టమొదటి అండర్‌గ్రౌండ్ రైలు మొదలువెట్టినప్పుడు అవి బొగ్గు ఇంజన్లు, సొరంగంల పొగ. అప్పటియి రోడ్డును తవ్వి పట్టాలేసి మీద కప్పినవి కాబట్టి లోతు తక్కువ. 1890 నుంచి కరెంటు రైళ్లొచ్చినంక బంకమట్టిల లోతుగ గుండ్రటి చిన్న సొరంగాలు చేసిన్రు, ట్యూబ్ అన్న పేరు అట్లనే వచ్చింది. ఆ మట్టి వంద సంవత్సరాల సంది రైళ్ల బ్రేకుల వేడిని పీల్చుకొని పీల్చుకొని ఇప్పుడు చల్లవడ్తలేదు, సొరంగమేమో ఇరుకు, ఏసీ పెడితే దాని వేడి పోనీకి జాగ లేదు. అందుకే సెంట్రల్, బేకర్లూ, నార్తర్న్ లాంటి లోతు లైన్లల్ల ఎండకాలం ఉడికిపోతరు, డిస్ట్రిక్ట్, సర్కిల్, మెట్రోపాలిటన్ లాంటి మీది లైన్లల్ల మాత్రం ఏసీ ఉన్నది. లండన్ మ్యాప్ ల ఈ తేడా రంగుల తోటి కనపడది, మనమే తెలుసుకోవాలె. న్యూయార్క్ ల రైల్ల ఏసీ ఉంటది గానీ ఆ ఏసీ వేడంత ప్లాట్‌ఫామ్ మీద పోస్తది, జులైల నిలబడుడు కష్టమంటరు అక్కడోళ్లు.

లోతు ఎంత ఎక్కువుంటే ప్లాట్‌ఫామ్ చేరే టైము అంత ఎక్కువ. మాస్కో పార్క్ పొబేదీ స్టేషన్ల ఎస్కలేటర్ మీద దిగుడుకే దగ్గర దగ్గర మూడు నిమిషాలు, కీవ్ ల ఆర్సెనాల్నా స్టేషన్ 105 మీటర్ల లోతు. ఢిల్లీల హౌజ్ ఖాస్ 29 మీటర్లు, మారే వాళ్లకు నడక మస్తు. మన దగ్గర హౌరా స్టేషన్ కింద కట్టిన మెట్రో స్టేషన్ కూడా మంచి లోతే, హుగ్లీ నది కిందికెళ్లి పోవాలె కదా, 2024 మార్చిల మొదలైంది, నది కింద 520 మీటర్లు ముప్పావు నిమిషంల దాటుతది, అంతకుముందు బ్రిడ్జి మీద ట్యాక్సీల కూసుంటే పొద్దు పోయేది. దేశంల మొదటి మెట్రో కూడా కలకత్తాదే, 1984 అక్టోబర్ 24న, 3.4 కిలోమీటర్లతోటి.

లైను మారుడు గురించి. పారిస్ షాట్లే స్టేషన్ల మారుడంటే లోపల్లోపలనే ఒక బజారంత నడుసుడు, వీలైతే ఆ స్టేషన్ తప్పించి ఇంకోకాడ మారేటట్టు చూసుకోమంటరు తెలిసినోళ్లు. దానికి ఉల్టా లండన్ల కెనింగ్టన్ లాంటి కాడ ఒక రైలు దిగి అదే ప్లాట్‌ఫామ్ ఆవలి దిక్కు ఇంకోటి ఎక్కొచ్చు. ఢిల్లీ రాజీవ్ చౌక్ ల నేల మీద పసుపు, నీలం పాదాల గుర్తులుంటయ్, అవి పట్టుకొని పోతే ఎవర్నీ అడిగే పని లేదు. మ్యాప్ ల రెండు స్టేషన్లు దూరంగ కనపడితే నిజంగ దూరమే అనుకోవద్దు, 1933ల లండన్ల అచ్చైన హ్యారీ బెక్ మ్యాప్ నుంచి చాన ఊర్ల మ్యాపులు గీతలు సాపు చేసి గీసినవే, లెస్టర్ స్క్వేర్ నుంచి కొవెంట్ గార్డెన్ 260 మీటర్లే, లోపలికి దిగి ఎక్కేలోపల నడిచి పోవచ్చు.

పైసల సంగతి తొందరగ చెప్తా. న్యూయార్క్ ల ఎంత దూరం పోయినా ఒక్కటే రేటు, కాబట్టి దూరంగ చౌక రూమ్ తీసుకున్నా టికెట్ పెరగదు. ఢిల్లీ, హైదరాబాద్, టోక్యోల దూరం బట్టి. లండన్ల జోన్లు, నడుమ ఊరికి ఎంత దూరం జరిగితే అంత ఎక్కువ, కానీ ఒక రోజుకు ఇంతకంటె ఎక్కువ గుంజం అని హద్దుంటది. ఆ హద్దు పనిచేయాలంటే రోజంత ఒకటే కార్డు తాకించాలె, పొద్దుగాల ఫోను, మాపటికి బ్యాంకు కార్డు అంటే రెండు వేరే మనుషుల లెక్క చూస్తది. దిగినంక తాకించుడు మర్చిపోతే అన్నిటికంటె ఎక్కువ రేటు పడ్తది. టోక్యోల టోక్యో మెట్రో, తోయే అని రెండు కంపెనీలు, ఒక దాంట్లకెళ్లి ఇంకోదాంట్లకు మారితే రెండిటికీ కట్టాలె, రెండు దారులుంటే ఒకే కంపెనీ దారి చూసుకోండి.

అమ్మ నాయినను తీసుకపోయేటట్టుంటే లెక్కే వేరు. ఢిల్లీల స్టేషన్లల్ల లిఫ్ట్ ఉన్నది, మా మామకు మోకాళ్ల నొప్పులున్నా ఒక్క మెట్టు ఎక్కకుండ తిరిగిండు. పారిస్ ల, న్యూయార్క్ ల, లండన్ల పాత స్టేషన్లల్ల శానా వాటికి లిఫ్ట్ లేదు, వందేండ్ల కింద కట్టినయ్ కదా. సూట్‌కేసులు పట్టుకొని దిగేటోళ్లు కూడా మ్యాప్ ల వీల్‌చైర్ గుర్తు ఉన్న స్టేషన్‌నే చూసుకోవాలె. ఢిల్లీల, బీజింగ్ ల, షాంఘైల లోపలికి పోవాలంటే బ్యాగు మిషన్ల పెట్టాలె, పొద్దుగాల తొమ్మిదింటికి ఆ లైను ఐదు పది నిమిషాలు, అది కూడా కాయితం మీద రాయాలె. షుగర్ ఉన్న పెద్దమనుషులతోటి అయితే టాయిలెట్ సంగతి అడగండి, టోక్యోల స్టేషన్ల లోపల మామూలుగ దొరుకుతది, లండన్ నడుమ స్టేషన్లల్ల వెతుక్కోవాలె. ఆడపిల్లలకు, ఢిల్లీల రైలు పోయే దిక్కు మొదటి డబ్బా ఆడోళ్లదే.

మనకు రైలుతోటి సంబంధం ఎక్కువ కాబట్టి ఇదొకటి. వరంగల్ ల తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దుగాల చెన్నై సెంట్రల్, బయటికొస్తే రోడ్డు కిందనే మెట్రో, రెండు లైన్లు అక్కడ కలుస్తయ్, ఎయిర్‌పోర్ట్‌కు బ్లూ లైను. కాజీపేటల తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి న్యూఢిల్లీల దిగితే అజ్మేరీ గేట్ దిక్కు రావాలె, పహాడ్‌గంజ్ దిక్కు పోతే సామానుతోటి చుట్టు తిరగాలె. అక్కడ యెల్లో లైను ఎక్కితే ముఖర్జీనగర్ పోయేటోళ్లకు జీటీబీ నగర్ దాక మారుడు లేదు, ఓల్డ్ రాజేందర్ నగర్ పోయేటోళ్లు ఒక్క స్టేషన్ పోయి రాజీవ్ చౌక్ ల బ్లూ లైను మారి కరోల్‌బాగ్ ల దిగాలె. సివిల్స్‌కు పోయే పిల్లలు ఈ రెండు జాగల నడుమ ఆలోచిస్తరు, కోచింగ్ సెంటర్ పక్కనే రూమ్ అయితే మెట్రో లెక్క అంత అవసరం లేదు, పండుగకు ఇంటికి పోయి వచ్చుడుకు మాత్రం ముఖర్జీనగర్ సుఖం.

లండన్ల మా అక్క బిడ్డకు రెండు రూములు చూసినం. కాలేజీ టెంపుల్ స్టేషన్ పక్కన. ఒక రూమ్ టూటింగ్ బ్రాడ్‌వే కాడ, ఇంకోటి ఈస్ట్ హామ్ కాడ. ఆప్ ల రెండిటికీ దాదాపు ఒకటే టైము చూపెట్టింది, అద్దె కూడా ఒకటే తీరు. కాయితం మీద రాస్తే తేలింది. టూటింగ్ నుంచి లోతు సొరంగం, ఏసీ లేదు, నార్తర్న్ లైను కొమ్మ చూసుకొని కెనింగ్టన్ ల మారాలె, మళ్ల ఎంబాంక్‌మెంట్ ల ఇంకోసారి మారుడో నడుసుడో. ఈస్ట్ హామ్ నుంచి డిస్ట్రిక్ట్ లైను, ఎక్కితే టెంపుల్ దాక ఒక్కటే రైలు, ఏసీ, లోతు తక్కువ, అరగంటకు అటూఇటూ. పొద్దుగాల జనం ఉంటరు, సీటు దొరకది, అయినా ఈస్ట్ హామే తీసుకున్నది, పైగ అక్కడ మన తిండి సామాన్లు దొరుకుతయ్.

ఆఖరి రైలు టైము కాయితం కింద పెద్దగ రాసుకోండి. రాత్రి పూట పట్టాలు చూసి బాగు చేసుడుకు చాన ఊర్లు రైళ్లు ఆపుతయ్, టోక్యోల అర్ధరాత్రి అయితే అయిపోయినట్టే, మళ్ల పొద్దుగాల ఐదింటికి. లండన్ల శుక్రవారం, శనివారం రాత్రులు ఐదు లైన్లు నడుస్తయ్, అన్ని లైన్లు కాదు. న్యూయార్క్ మాత్రం 24 గంటలు నడుపుతది, చాన కాడ నాలుగు పట్టాలుంటయ్ కాబట్టి రెండు ఆపి రెండు నడపొచ్చు, కానీ బాగు చేసేది రాత్రిళ్లు, శనాదివారాలే, ఆ రోజులల్ల రైళ్లు దారి మారుతయ్, గోడకు అంటించిన కాయితాలు చదవాలె.

ఇంకోటి, స్టేషన్ పేరుతోటి పాటు బయటికొచ్చే గేటు నంబరు కూడా అడిగి తెలుసుకోండి. టోక్యో షింజుకుకు 200 పైన గేట్లున్నయ్, తప్పు గేటుల వస్తే అర కిలోమీటరు నడుసుడే. ఢిల్లీల కూడా గేటు మారితే పెద్ద రోడ్డుకు ఆవల పడ్తరు. సొరంగంల సిగ్నల్ పోతే మ్యాప్ తెరుసుకోదు, కాబట్టి గేటు నంబరు, ఆఖరి రైలు టైము, ఎక్కాల్సిన రైలు చివరి స్టేషన్ పేరు ఈ మూడూ ఫొటో తీసి పెట్టుకోండి, ఇంట్లోళ్లకు కూడా ఒకటి పంపుండ్రి.